విమానం ఎక్కకూడని సీసా

రియాద్‌లో మేమున్న బిల్డింగులో మా బాబుకు ఫిట్స్ వచ్చాయంటే అందరికీ తెలిసిపోయేది. పై అంతస్తులో ఒకావిడ ఇనుప తాళాల గుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చేది, చేతిలో పెడితే ఆగుతాయని. వద్దమ్మా అంటే వినేది కాదు. తాళాల గుత్తితో పోయే జబ్బయితే మేమెందుకు ఇన్ని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతాం? వాడికి అప్పటికి ఐదేళ్లు. వేసే మందులకు రోజంతా మగతగా పడుండేవాడు. ఫిట్స్ మాత్రం వాటి దారిన అవి వచ్చేవి.

మావారు ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీల సూపర్‌వైజరు. సౌదీ వాళ్లను ఇంతమందిని పెట్టుకోవాలనే నితాఖత్ రూలు వచ్చి, అది తప్పిన మావారి కంపెనీ ఎర్ర కేటగిరీలో పడ్డాక, అక్కడ ఉండనిచ్చే అఖామా కార్డు రెన్యూ అవుతుందా లేదా అన్నదే ఇంట్లో రోజూ మాట. ఆ పైన లెవీ వచ్చింది. పెళ్లాం పిల్లల్ని దగ్గర పెట్టుకున్నందుకు తలకింత అని కట్టాలి. జబ్బు పిల్లాడి తల కదా అని తగ్గిస్తారా ఏమైనా!

ఆ రోజుల్లోనే, బాబును చూసే కేరళ డాక్టరు గది తలుపు వేసి మమ్మల్ని కూర్చోమన్నాడు. గంజాయి మొక్క నుంచి తీసే నూనె మందు ఒకటుందని హిందీలో చెప్పాడు. ఆ మాట వినగానే మావారు తలుపు వైపు చూశారు. మరి చూడరా? దాని పేరెత్తితే తల పోయే దేశం అది.

"మత్తు కోసం కాదు. మామూలు మందులకు లొంగని ఫిట్స్ ఉన్న పిల్లల్లో కొందరికి పనిచేస్తుంది, అందరికీ కాదు" అన్నాడు. "ఇక్కడ నేను రాయలేను. మీ దేశంలో నరాల డాక్టరు చూసి రాసిస్తే, లైసెన్సున్న చోట చట్టప్రకారమే దొరుకుతుంది. కానీ ఆ సీసా విమానం ఎక్కకూడదు. చీటీ ఉన్నా సరే, ఎక్కకూడదు."

జగిత్యాలలో ఉన్న మా తమ్ముడికి ఫోన్లో అంతా చెప్పాను. చివరి మాట కూడా చెప్పాను. వాడు మొదటి మాటల దగ్గరే ఆగిపోయాడు. మేనల్లుడంటే ప్రాణం వాడికి. నేను అంతకుముందు పంపిన రిపోర్టులు పట్టుకుని హైదరాబాద్ పోయి, బాబు ఫిట్స్ వీడియోలు డాక్టరుకు చూపించి, చీటీ రాయించి, మందు కొన్నాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసి సంబరంగా అన్నాడు. "అక్కా, బాబు మందు పంపిన. అమ్మ పెట్టిన మామిడి తొక్కు డబ్బాలల్ల పెట్టి గట్టిగ ప్యాక్ చేసిన. ఇంగ భయం లేదు."

నేను వెంటనే అడిగాను, "ఎవలతోని పంపినవ్‌రా?"

మా బిల్డింగులోనే ఉండే ప్లంబర్ అన్నతో. మా పక్క ఊరే ఆయనది, లీవు అయిపోయి తిరిగి వస్తున్నాడు. మా వాళ్లలో లీవుకు పోయొచ్చే మనిషి అందరి పార్సిళ్లూ మోసుకురావాల్సిందే. టేపు చుట్టి, పైన పేరూ నంబరూ రాసి ఇస్తే కళ్లు మూసుకుని తెస్తాడు. లోపల ఏముందని అడిగితే ఎదుటివాడిని దొంగను చేసినట్టే, అందుకే ఎవరూ అడగరు.

"నీ బుద్ధి గడ్డి తిన్నదా? ఆయన తల తీస్తర్రా ఈడ!" అని అరిచాను.

"బిల్లుంది, డాక్టర్ చీటీ ఉంది, ఎవడేమంటడక్కా?" అన్నాడు వాడు. ఆ తర్వాత వాడికీ భయమేసింది. ప్లంబర్ అన్నకు ఫోన్ చేస్తే స్విచాఫ్. శంషాబాద్‌లో విమానం ఎక్కేశాడు.

మావారు డ్యూటీకి పోలేదు. "డబ్బా మీద నా పేరే ఉంటది. ముందుగాల ఆయనను పట్టుకుంటరు, ఎన్క నన్ను" అన్నారు. నాకు ఊర్లో ఉన్న ప్లంబర్ అన్న భార్య గుర్తొచ్చింది, ఇద్దరు ఆడపిల్లలు గుర్తొచ్చారు. మా పిల్లాడి కోసం ఆ పిల్లలు తండ్రి లేనివాళ్లయితే నేనెక్కడ తలెత్తుకుంటాను? బాబు నా ఒళ్లో ఉన్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, పోలీసులే అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక తలుపు కొట్టింది ప్లంబర్ అన్నే. నవ్వుతూ డబ్బా కింద పెట్టాడు. తర్వాత నసిగాడు.

"వదినా, కోపం చేయకుండ్రి. లగేజ్ ఎక్కువైందని కౌంటర్ కాడ పిల్ల అస్సలు ఒప్పుకోలే. ఎన్నడు ఎవ్వలది ఇప్పలే, ఇయ్యాల మీది ఇప్పిన. తొక్కు ఉంచి మందు సీసలు తీసి చెత్త డబ్బల ఏసిన. మందులైతె ఈడ దొరుకుతయ్, అమ్మ చేతి తొక్కు యాడ దొరుకుతది?"

ఎల్లమ్మ తల్లీ అని రెండు చేతులెత్తి మొక్కాను. నా బిడ్డ మందు చెత్తలో పడిందని మొక్కాను! తల్లి మొక్కే మొక్కేనా అది? ఏడుపు ఆగలేదు. కోపంతో ఏడుస్తున్నాననుకుని ఆయన పాపం, పదే పదే తప్పయిందన్నాడు. ఆయన ఏం మోసుకురాబోయాడో మేము ఇప్పటికీ చెప్పలేదు.

నెల తిరక్కుండా బాబూ నేనూ ఇక తిరిగి రామని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకున్నాం. తిరిగొచ్చే రీఎంట్రీ వీసా మీద వెళ్తే ఊర్లో ఉన్నా లెవీ కట్టాల్సిందే, అంత తూగలేం. "లెవీ కట్టలేకనా?" అని అందరూ అడిగారు. అవునన్నాం. అది కూడా నిజమే. మందు కోసమని ఆ దేశంలో ఎవరితో అనగలం?

హైదరాబాద్‌లో డాక్టరు బాబును ఎదురుగా కూర్చోబెట్టి చూసి, రక్తపరీక్షలు చేయించి, ఆ నూనె మందు చుక్కలు మొదలుపెట్టాడు. మందుల షాపు సంచిలో బిల్లుతో సహా పెట్టుకుని జగిత్యాల బస్సెక్కాను. ఎవడూ నా వైపు చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదే సీసా అక్కడ మా అందరి ప్రాణాలు తీసేది.

ఇప్పుడు వాడికి ఫిట్స్ ఎప్పుడో గాని రావు, చుక్కలు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు. బడికి పోతున్నాడు. మావారు అక్కడే ఉన్నారు. ఆయన వచ్చేస్తే ఈ మందు కొనేదెవరు? లీవు దొరికినప్పుడు వచ్చి, బాబుకు కొత్త పోకముందే వెళ్లిపోతారు. "నాన్నా, నేనే నీ దగ్గరికొస్త" అంటాడు వాడు వీడియోలో. "నువ్వు రావద్దు బిడ్డా" అంటారాయన. వాడికి అర్థం కాదు, అలుగుతాడు.

చుక్కలు పనిచేయకపోయి ఉంటే విజిట్ వీసా మీదైనా ఎప్పుడో ఆయన దగ్గరికి పోయేవాళ్లం. పనిచేశాయి.