పిన్ని కత్తెర, దోసతీగ

మా పిన్ని టైలరు. ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బట్ట మీద ఒక్క దారప్పోగు వేలాడినా కత్తెర లేస్తుంది. ఆ కత్తెరతోనే బాల్కనీలో పాత బకెట్లో వేసిన దోసతీగ పని కూడా పట్టింది. తీగ పక్కల నుంచి మెలికలు తిరుగుతూ వచ్చే సన్నటి నులితీగలు ఆమె కంటికి కుట్టు ఊడిన దారాల్లా కనిపించాయి. రోజూ మిషను మీంచి లేవగానే వాటిని కత్తిరించి, "ఇప్పుడు చూడు, ఎంత నీటుగా ఉందో!" అనేది.

వాటితోనే తీగ బాల్కనీ కడ్డీలను పట్టుకుని పాకుతుందని మా ఇంట్లో అప్పటికి ఎవరికీ తెలియదు. ఒక్క గాలివానకు తీగంతా జారి, పూతతో సహా కిందపడి విరిగింది.

బాబాయి పడీపడీ నవ్వాడు. "నీదంతా ఆరంభశూరత్వమే! ఈ మొక్కల గోల నీకెందుకే? కాయలు కొనుక్కుంటే పోలా?"

"మీకు కుట్టిన మొదటి చొక్కా, చేతులెత్తగానే చంకల్లో పిగిలింది. అప్పుడు మిషను అమ్మేశానా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మా పిన్ని. అదే పాత బకెట్లో మళ్ళీ గింజలు పెట్టింది. ఈసారి నులితీగల జోలికి పోలేదు. అయినా నమ్మకం చాలక, గుడ్డపేలికలతో తీగను అక్కడక్కడా కడ్డీలకు వదులుగా కట్టింది.

బాబాయి ఆ పేలికల్ని చూసి గతుక్కుమన్నాడు. "ఇది నా గళ్ళ చొక్కా కదే!"

"అవును. మెత్తగా ఉంది, తీగ ఒరుసుకోదు."

"ఇదీ పడిపోతే?"

పిన్ని కత్తెర చేతిలోకి తీసుకుంది.

"బీరువాలో ఇంకా చాలా చొక్కాలున్నాయిగా!"