ఏడు మామిడిపండ్లు, ఒక తూక్కు ఐసు

నేను ఒకసారి చర్చి మొత్తాన్ని ఏడిపించాను. ప్రసంగం చేసి కాదు, పాట పాడి అంతకన్నా కాదు. మామిడిపండ్ల ఐసు చేసి. ఆ ఆదివారం జరిగిన ఘోరాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. మధ్యలో ఎక్కడా నామీద జాలి పడకండి, దానికి నేను తగను.

మాది పాకాల దగ్గర పల్లె. నాయన రైలు పట్టాల పని చేసేవాడు. పచ్చి మామిడికాయంటే ఆయనకు ప్రాణం. చొక్కా జేబులో ఎప్పుడూ ఉప్పు పొట్లం ఉండేది. ఏ చెట్టు కింద కాయ దొరికినా రాతిమీద పగలగొట్టి, ఉప్పద్దుకుని తినేసేవాడు. అంత ఇష్టమున్న మనిషి ఇంటి వెనక ఒక బేనీషా మామిడి మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు పోసి, అది కాపుకు రాకముందే గుండెపోటుతో పోయాడు.

మరుసటి వేసవిలో ఆ చెట్టు కాసింది. చివరిదాకా నిలిచినవి ఏడు కాయలు. అమ్మ వాటికి పాత చీర ముక్కలు కట్టి చిలకల నుంచి, కోతుల నుంచి, ముఖ్యంగా నా నుంచి కాపాడింది. మా చర్చిలో ఎండాకాలం ప్రథమఫలాల పండుగ చేస్తారు. ఎవరి పొలంలో ఏది మొదట పండితే అది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక ఇచ్చినవాళ్ల పేరు చదివి వేలం వేస్తారు. నాయన పేరు అక్కడ ఒక్కసారి వినపడాలని అమ్మ ఆశ. నాయన పోయినప్పటి నుంచి ఆమె నవ్వలేదు, ఏదీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే.

అప్పుడు నాకు ఇరవైరెండేళ్లు. తిరుపతిలో బట్టల షాపులో పని. ఫోనులో వంటల వీడియోలు చూసి చూసి ప్రపంచంలో నాకు రానిది లేదనే దశలో ఉన్నాను. పండుగకు సెలవుమీద వచ్చాను. శనివారం పొద్దున అమ్మ చర్చి కడగడానికి పోయింది. ఆమె తిరిగొచ్చేసరికి నా పని పూర్తయింది.

"ఏం మే, బియ్యం డబ్బాలో మాగేసిన పండ్లు యాడ?"

"ఫ్రిజ్జులో ఉండాయమ్మా."

"ఏడూనా?"

"ఏడూ. పండ్లయితే అందురూ పెడతారు. మనం సోర్బే పెడతాం. పాలు కలపకుండా ఉట్టి పండ్ల రసంతో చేసే ఐసు."

అమ్మ అక్కడే పీట వాల్చుకుని కూర్చుంది. "దేవుడు పండుగా ఇచ్చినాడు గదా మే. దాన్ని మల్లా నువ్వు సేసేదేముండాది?"

"ఈ ఎండలకు అందురూ సల్లగా తింటారమ్మా. నాయన పేరు సెప్పుకుంటారు."

నాయన పేరు తీస్తే ఆమె ఇంకేమీ అనదని నాకు తెలుసు. తెలిసే తీశాను. ఈ కథలో నేను నిజంగా సిగ్గుపడేది ఆ మాటకే.

మర్నాడు ఐసును పాలు తెచ్చుకునే పిడి ఉన్న స్టీలు తూక్కులో నింపి, తూక్కును బకెట్లో పెట్టి, చుట్టూ ఐసుగడ్డలూ రాళ్లుప్పూ వేశాను. ఉప్పు కలిపితే చల్లదనం పెరుగుతుందని ఫోనులో ఒకాయన చెప్పాడు. చెప్పింది నిజమే. తూక్కు మూత తీసిపెట్టమని మాత్రం ఆయన చెప్పలేదు. అది నా సొంత తెలివి. పైన అలంకరించిన పుదీనా ఆకులు నలుగురికీ కనబడొద్దూ? గుమ్మడికాయలకూ వేరుశెనగ మూటకూ మధ్య నా బకెట్టును పెళ్లికూతుర్ని కూర్చోబెట్టినట్టు పెట్టి వచ్చాను.

పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టగానే కరెంటు పోయింది. ఆయన వానల కోసం ప్రార్థించాడు, రైతుల కోసం ప్రార్థించాడు, తర్వాత ఊళ్లో జబ్బుగా ఉన్నవాళ్లను పేరుపేరునా అందుకున్నాడు. మా ఊళ్లో అంతమందికి అన్ని జబ్బులున్నాయని నాకు ఆరోజే తెలిసింది. ఒక కన్ను తెరిచి చూశాను. బకెట్లో ఐసుగడ్డలు కరిగి తూక్కు మెల్లగా పక్కకు వాలుతోంది.

"అమ్మా, తూక్కు వంగతా ఉండాది."

"కండ్లు మూసుకో."

"ఐసంతా కరిగిపోతాదమ్మా."

"ప్రార్థనలో ఉండాం. మూసుకో మే."

మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి తూక్కు అంచు ఒక పక్క నీళ్లలో మునిగి ఉంది. ఆమెన్ అనగానే పరుగెత్తి దాన్ని నిలబెట్టి, గరిటెతో బాగా కలిపాను. కరిగిందే తప్ప ఇంకే నష్టమూ జరగలేదని నన్ను నేను ఓదార్చుకున్నాను.

వేలం వేసేది శామ్యూల్ మామ. నాయనతో కలిసి పట్టాల మీద పని చేసినవాడు. గుమ్మడికాయలు పోయాయి, వేరుశెనగ పోయింది. మామ తూక్కు పైకెత్తి గొంతు సవరించుకున్నాడు. "దేవసహాయం సెట్టు మొదటి కాపు. ఎవరు పాడతారబ్బా?"

నాయన పేరు వినపడింది. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. కానీ వేలంపాట ఎవరూ పాడలేదు. ఆ ఎండలో తూక్కుడు రసాన్ని ఇంటికి ఎవరు మోసుకుపోతారు? మామ రెండోసారి అడిగాడు. అమ్మ తలదించుకుని నేలకేసి చూస్తోంది. నాకు ఆ నేలలోకే దిగిపోవాలనిపించింది.

మామ తూక్కు దించాడు. "దీన్ని పాడేది లేదు. మా దేవసహాయం మనిషికింత ఇస్తా ఉండాడు. అందురూ తాగండి."

టీ కోసం తెచ్చిన కాగితం కప్పుల్లో పోసి పంచారు. ముందు మామే తాగాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. తెరిచి, "దేవునికి స్తోత్రం," అని కప్పు కింద పెట్టాడు. తర్వాత పాస్టరయ్య తాగి, చేతిరుమాలుతో మూతి, కళ్లు తుడుచుకున్నాడు. వరసగా పెద్దవాళ్లు తాగారు, ఆడవాళ్లు తాగారు. అందరి కళ్లలోనూ నీళ్లే. నాయన మీద ఇంత ప్రేమ ఉందా వీళ్లకని నాకూ ఏడుపొచ్చింది.

ఆఖరున అమ్మ తాగింది. కప్పులోకి చూసింది. నావైపు చూసింది.

"నువ్వు తాగినావా?"

"లేదమ్మా, అందురికీ సాలాలని..."

"తాగు."

తాగాను. చిన్నప్పుడు మద్రాసు బీచిలో అల తగిలి మింగిన సముద్రపు నీళ్లు గుర్తుకొచ్చాయి. వాటిలో కనీసం పుదీనా ఉండదు. బకెట్లో ఉప్పునీళ్లన్నీ ఎటు పోయాయో అప్పుడు అర్థమైంది. నాయన మీద గౌరవంతో అన్ని గొంతులూ దాన్ని కిక్కురుమనకుండా మింగాయి.

నేను అమ్మ మొహం చూడలేకపోయాను. శామ్యూల్ మామ మా దగ్గరికొచ్చాడు. "బాధపడొద్దు అక్కా. వాడే ఉండుంటే ఇంకో కప్పు అడిగుండు. ఉప్పు లేకుండా వానికి మామిడి యానాడు దిగింది గనక?"

అమ్మ పెదవి అదిరింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలిపోయేలా, నాయన పోయాక మొట్టమొదటిసారి నవ్వింది. ఆమెను చూసి మామ, మామను చూసి పాస్టరయ్య, ఆపైన చర్చి చర్చంతా నవ్వింది. నేనొక్కదాన్నే ఏడ్చాను.

మరుసటి ఆదివారం పాస్టరయ్య ఉప్పు గురించి గంటసేపు ప్రసంగించాడు. ఆ గంటా నన్నే చూశాడు.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చెట్టు పండుగా ఇచ్చినదాన్ని ఇకపై పండుగానే ఉంచుతాను. నా మాటమీద అమ్మకు నమ్మకం లేదు. ఈ ఏడాది చెట్టుకు పిందెలు పడినప్పటి నుంచి, మా ఇంట్లో రాళ్లుప్పు జాడీ అటకమీదే ఉంటోంది.