వాగులో తడిసిన కట్టు

1998 చలికాలం. హుకుంపేట మండలంలో కుష్ఠు రోగుల నర్సుగా నాకది తొమ్మిదో ఏడు. జీపులో ఊళ్లు తిరుగుతూ పుండ్లకు కట్లు కట్టేదాన్ని. నాకు ఓపిక తక్కువని అందరూ అనేవారు. మొండితనం ఎక్కువని నేనే ఒప్పుకుంటాను.

ఆ ఊళ్లలో ఒకదాంట్లో ఉండే పండమ్మకు కుష్ఠు ఎప్పుడో నయమైంది. ఎండీటీ, అంటే రెండు మూడు మందులు కలిపి ఇచ్చే కోర్సు, పూర్తి చేసింది. కార్డు మీద ఆర్ఎఫ్‌టీ అని రాసింది నేనే. ఇక మందులు అక్కర్లేదని దానర్థం. కానీ పాదానికి పోయిన స్పర్శ తిరిగి రాలేదు. ముల్లు గుచ్చుకున్నా తెలియక అరికాలికి పుండు పడింది. మెత్తటి రబ్బరు చెప్పులిచ్చి, నడక తగ్గించమన్నాను. పుండు ఎముక దాకా వెళితే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు.

ఒక రోజు కట్టు విప్పితే లోపల వాగు ఇసుక. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎక్కడిదిది? నిజం చెప్పు."

"బాప్తిస్మం తీసుకున్నాను, సిస్టరమ్మా."

"పోయినేడే తీసుకున్నావుగా!"

"అది పోనాది. నా కూతురు గుంటకి జొరమొత్తే మా అత్త కొండదేవతకి కోడిని కోసింది. నేనూ దండం పెట్టీసినాను. అందుకని మళ్లీ మునిగినాను. ఆ మర్నాడే మా ఆయన్ని తిట్టీసినాను. ఇంకో ఊరెళ్లి మళ్లీ మునిగినాను."

ఎక్కడ సువార్త మీటింగులు జరిగితే అక్కడికి చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి వాగులో దిగేదట. నవ్వొచ్చింది. ఆమె కళ్లు చూశాక సిగ్గేసింది.

"సచ్చిపోతే నువ్వెవరో ఎరగనంటాడేమో ప్రభువు. మొదటిసారి మునిగినప్పుడు ఎంత సంతోసమో! ఇప్పుడు గుండె ఈ కాలులాగే ఉంది. ఏటీ తెలీట్లేదు."

నేను కార్డు తీశాను. "ఈ కాలికి స్పర్శ వచ్చిందా?"

"నేదు."

"మరి జబ్బుందా?"

"నేదు. నువ్వే రాసినావు కదా."

"నీకు తెలియకపోయినా నయమైనట్టేగా. ఇదీ అంతే. ప్రభువుని నువ్వు పట్టుకోలేదు, చెయ్యి జారితే పోవడానికి. ఆయనే నిన్ను పట్టుకున్నాడు. తప్పు చేస్తే ఒప్పుకో, క్షమించమని అడుగు. మళ్లీ మళ్లీ మునగక్కర్లేదు."

"అయితే ఎలాగున్నా పరవాలేదేటి?"

"నయమైందని కాలు పొయ్యిలో పెడతావా? నయమైంది కాబట్టే కాపాడుకో."

ఆమె నన్నే అడిగింది. "నీకుందా ఆ నమ్మకం? రేపు నువ్వు సచ్చిపోతే నిన్నెరుగుదునంటాడా?"

కొత్త కట్టుకి గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాను. నేను పుట్టిందే క్రైస్తవుల ఇంట్లో. అయినా ఆ మాట ఎవరడిగినా "ఆయన దయ" అని తప్పించుకునేదాన్ని. తొమ్మిదేళ్లుగా ఆదివారాలు కూడా కొండలెక్కింది సేవ కోసమే అనుకున్నాను. సగం భయమే. ఆగితే నన్నూ ఎరగనంటాడేమోనన్న భయం.

"ఉంది," అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"అయితే కట్టు," అంటూ కాలు చాపింది.

ఆ తర్వాత కట్టు మళ్లీ తడవలేదు. ఎండాకాలానికి పుండు మూసుకుంది, కాలు దక్కింది. నా చేత్తో నయమైందని రాసి రోగిని నమ్మమంటాను. ప్రభువు బైబిల్లో నాకు రాసిచ్చిన మాటను మాత్రం నేను నమ్మలేదని పండమ్మ వల్లే తెలిసింది.

పండమ్మ ఆ మాట అడిగిన వారమే, ఆదివారం మొదటిసారి సెలవు పెట్టి చర్చిలో కూర్చున్నాను. ఆయన దయ సంపాదించుకోవడానికి కాదు, అది నాకు ముందే దక్కింది కాబట్టి.