తూటా మీద సొట్ట

మొన్న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జరిగే నుమాయిష్‌లో బెలూన్లు పేల్చే దుకాణం ముందు మా మనవరాలు గాలి తుపాకి ఎత్తగానే, "గురి చూసేదాకా వేలు ట్రిగ్గరు బయట పెట్టు బిడ్డా" అన్న మాట నాకు తెలియకుండానే నా నోటి నుంచి వచ్చేసింది. ఆ పిల్ల, దాని తల్లి, దుకాణంవాడు ముగ్గురూ నా వైపు తిరిగారు. అత్తగారి నోట పారాయణం తప్ప మరొకటి వినని కోడలికి నవ్వు ఆగలేదు. ఆ మైదానానికి నడిచిపోయే దూరంలోనే ఒకప్పుడు నేను తుపాకులు కూర్చే పని చేశానంటే మనవరాలు ఎంతకీ నమ్మలేదు. మన ఈడువాళ్ళు నమ్ముతారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో, ఒక పాత ఇంటి వాకిట్లో, లైసెన్సు ఉన్న చిన్న కార్ఖానా ఉండేది. బ్యాంకు కాపలావాళ్ళకూ, పంట కాచుకునే రైతులకూ ఒంటి గొట్టం తుపాకులు అక్కడ తయారయ్యేవి. అమ్మకం మాత్రం ఆబిడ్స్‌లోని దుకాణంలో. గొట్టాలూ కర్రపనీ మగవాళ్ళవి. ట్రిగ్గరు, స్ప్రింగు, తూటాను కొట్టే పిన్ను ఇవన్నీ లోపల పొందికగా కూర్చడం సన్నని వేళ్ళ పని గనుక అది ఆడవాళ్ళది.

నేను బడి మొహం చూడలేదు. అమ్మ మంచం పట్టి ఉండడంతో ఆమె దగ్గర ఒకరుండాలని నాన్న ఇంట్లోనే నాకు భాగవతమూ, లెక్కలూ, కాస్త ఉర్దూ నేర్పారు. ఆ చదువుకు ఈనాటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను గాని, దానికి సర్టిఫికెట్ లేదు. చూపు మందగించి అఫ్జల్‌గంజ్ కొట్లో నాన్న గుమాస్తా పని పోయాక, ఎక్కడికి వెళ్ళినా ముందు కాగితాలే అడిగారు. ఈ కార్ఖానా మేస్త్రీ ఒక్కడే చేతులు చాపమని, వేళ్ళు వణకడం లేదని చూసి రమ్మన్నాడు. అయితే నేను కూర్చిన మొదటి తుపాకి పరీక్షకు నిలిస్తేనే పని ఖాయం. లేకపోతే ఆ నెలతోనే సరి, ఇల్లు ఎట్లా గడుస్తుందో ఎవరికీ తెలియదు.

రోజూ సహస్రనామం చదివే పిల్ల ఆయుధాలు చేయడమేంది అని మా మేనత్త ఒకటే సణుగుడు. "పటాలల్ల దేవుళ్ళ చేతులు చూడక్కా, పూలొక్కటే ఉన్నయా?" అని నాన్న ఆమె నోరు మూయించారు.

బల్ల దగ్గర నా పక్కన చాదర్‌ఘాట్ నుంచి వచ్చే ఒకావిడ కూర్చునేది. అందరూ ఆమెను వదినా అనే పిలిచేవారు. నూనె ఎంత వేయాలో, ట్రిగ్గరు నొక్కి చెవితో ఎట్లా వినాలో ఆమే నేర్పింది. పిన్ను కూర్చేటప్పుడు నా పెదవులు కదలడం కనిపెట్టి, "ఏందే, స్ప్రింగుకు మంత్రమేస్తున్నవా? జర నాది గూడ చూడు, పొద్దుగాల సంది కూసుంటనే లేదు" అనేది.

పరీక్ష వెనక వాకిట్లో జరిగేది. తుపాకిని ఇనుప దిమ్మెకు బిగించి, గొట్టాన్ని ఇసుక బస్తాల వైపు పెట్టి, ట్రిగ్గరుకు కట్టిన పొడవాటి తాడును గోడ చాటు నుంచి లాగాలి. ఎవరు కూర్చిన తుపాకికి వాళ్ళే తాడు లాగాలన్నది అక్కడి ఆచారం. కొత్తవాళ్ళ తొలి తుపాకి అయితే, కార్ఖానా అంతా పని ఆపి గోడ చాటుకు వచ్చేది.

నా వంతు వచ్చిన రోజున, "పేలకుంటె ఫికర్ చెయ్యకు, మా ఆడబిడ్డ కొడుక్కు పిల్లను చూస్తున్నం" అని వదిన అందరినీ నవ్వించింది. నేను మనసులో దండం పెట్టుకుని తాడు లాగాను. టక్కుమన్నది. అంతే. తుపాకి పేలలేదు.

నా అడుగు దానంతట అదే ముందుకు పడబోయింది. వదిన నా జడ పట్టి వెనక్కు గుంజింది. "ఎవ్వరు కదలొద్దు! అది ఇప్పుడు గూడ పేలచ్చు. గట్లనే నిలబడున్రి" అని మేస్త్రీ కేక.

నిలబడ్డాం. స్టేషన్‌లో రైలు కూత వేసింది. సాయంత్రం గడపలో కూర్చుని నా అడుగుల చప్పుడును బట్టి నన్ను గుర్తుపట్టే నాన్నకు ఏమని చెప్పాలో ఆలోచిస్తున్నాను. పక్కకు చూస్తే వదిన మొహంలో నవ్వు లేదు. కర్రకు మెరుగు పెట్టే ఆయన, నాతో ఎన్నడూ ఒక్క మాటైనా మాట్లాడనివాడు, చేతులు జోడించుకుని ఉన్నాడు. అంతమంది ఊపిరి బిగబట్టింది నా కోసమేనని అర్థమై, భయం పోలేదు గాని, ఒంటరితనం పోయింది.

చాలాసేపటికి మేస్త్రీ ఒక్కడే వెళ్ళి, తూటా బయటికి తీసి, తెచ్చి వెలుతురుకు పట్టాడు. ఇత్తడి అడుగున, సరిగ్గా మధ్యలో, చిన్న సొట్ట.

"చూడు బిడ్డా, పిన్ను నడిమిట్ల గుద్దింది. గుద్దాల్సినంత గుద్దింది. తూటా మందుకే చెమ్మ పట్టింది, నీ పని నువ్వు చేసినవ్. రేపు టైముకు రా."

ఇంకో తూటా పెట్టి మళ్ళీ లాగమన్నాడు. ఈసారి పేలింది, గోడ మీది కాకులన్నీ లేచాయి. అయినా నా పని ఖాయమైంది ఆ చప్పుడుతో కాదు. "ఇగ మా పిల్లగాడికి వేరే సంబంధం చూడాలె" అని వదిన నా వీపు మీద ఒక్కటి చరిచింది.

పెళ్ళయ్యేదాకా అక్కడే పని చేశాను. ఇప్పుడు ఆ వాకిట్లో లాడ్జి కట్టారు. మేస్త్రీ లేడు, వదిన ఎక్కడుందో తెలియదు, వాళ్ళ పేర్లు నా పూజలో ఉన్నాయి. ఈ కాలంలో పరీక్షలు ఎవరి గదిలో వాళ్ళవి. పోయిన నెల మా కోడలు కొత్త ఉద్యోగం కోసం తలుపు వేసుకుని ల్యాప్‌టాప్ ముందు ఇంటర్వ్యూకు కూర్చుంది. నేను కుక్కర్ కూత వేయకుండా స్టవ్ ఆపేసి, ఆ తలుపు ఇవతల, గంటసేపు కదలకుండా నిలబడ్డాను. ఆ సంగతి ఆమెకు తెలియదు.