తోడల్లుడి ఫైలు

నా కారూ, నా తోడల్లుడి కారూ ఒకటే రకం. టర్బో పెట్రోల్ ఇంజన్ ఉన్న స్పోర్ట్స్ సెడాన్. ముందు కొన్నది నేను. బెంగళూరులో ఒకాయన వాడి అమ్ముతుంటే వెళ్ళి తెచ్చుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండానే అతనూ అలాంటిదే వెతికి కొన్నాడు, రంగు మాత్రం తెలుపు. ముందు కొన్నది నేనని చుట్టాల్లో ఎవరైనా మరిచిపోతారేమోనని సందు దొరికినప్పుడల్లా గుర్తుచేసేవాణ్ణి.

నాకు కళ్యాణదుర్గంలో బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. నీళ్ళు లోతుకు పోయేకొద్దీ మోటార్లు కాలిపోతూనే ఉంటాయి కాబట్టి నా చేతికి పని లేని రోజు తక్కువ. నా భార్యది కణేకల్. అత్తగారింట్లో మిక్సీ ఆగినా, మామ ట్రాక్టర్ మొరాయించినా ఫోను నాకే వచ్చేది. తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, అనంతపురంలో ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. పెళ్ళైన కొత్తలో స్పానర్ ఎటు తిప్పాలో కూడా తెలిసేది కాదు. అప్పట్లో అతనంటే నాకు చాలా ఇష్టం.

అతని కూతురికి చెవులు కుట్టించిన రోజు అందరం కణేకల్‌లో కలిశాం. భోజనాలయ్యాక అతను ఒక్కొక్కరినీ కారులో కాలువ దాకా తిప్పుకొస్తానన్నాడు. నా భార్య ముందు సీట్లో ఎక్కింది. పది నిమిషాల తర్వాత దిగుతూ ఆమె నవ్విన నవ్వు నేను చాలా ఏళ్ళుగా వినలేదు. జుట్టు రేగిపోయి, చిన్నపిల్లలా ఉంది.

"నువ్వూ ఎక్కుండాల్సింది! వీపు సీటుకు అతుక్కుపోయినాది," అంది.

"మనదీ అదే కారు గదా," అన్నాను.

"మనది అట్ల పోదులే."

అత్త పక్కనే ఉంది. "చిన్నల్లునికి బండ్ల గురించి శానా తెలుసప్పా," అంది. నేను తాంబూలం నములుతున్నాను. దాన్ని ఉమ్మేశాను.

కారు దగ్గరికెళ్ళి, ఏమీ పట్టనట్టు అతన్ని అడిగాను. "ఏం చేయించినావ్ దీనికి?"

"పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి ఏయించినానన్నా. సైలెన్సర్ పైపు మార్చినా. మిగతాదంతా సాఫ్ట్‌వేరే. నేనే కూర్చోని రాసుకున్నా."

ఆ 'నేనే' అన్న ఒక్క మాట నా చెవిలో ఉండిపోయింది. మిగతావేవీ తలకెక్కలేదు.

మరుసటి నెల నేనూ మొదలుపెట్టాను. బెంగళూరులో పైపు మార్పించాను. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెద్దది వేయించాను. ఎయిర్ ఫిల్టర్ మార్చాను. కారు గొంతు మారింది కానీ నడక మారలేదు. ఎంత పెట్రోలు పోయాలో, నిప్పు ఎప్పుడు వెలిగించాలో చెప్పేది లోపలున్న కంప్యూటర్. దానికి కొత్త పాఠం చెప్పకపోతే కొత్త సామాను ఉన్నా లేనట్టే. ఆ పాఠం చెప్పేదే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్.

మధ్యాహ్నాలు షాపులో ఫ్యాను కింద కూర్చుని వాటి గురించే చదివేవాణ్ణి. నాకు మూడు దారులు కనిపించాయి. మొదటిది కంపెనీవాళ్ళు తయారుచేసి పెట్టిన ఫైలు. స్టీరింగ్ కింది సాకెట్‌లో చిన్న పెట్టె గుచ్చి ఎక్కించుకోవడమే. అందులో మనం వేలు పెట్టలేం. రెండోది, మన కారు నడిచిన తీరును రికార్డు చేసి పంపితే దాన్నిబట్టి ట్యూనర్ రాసిచ్చేది. వారాల తరబడి పడుతుంది. మూడోది ఉచితం. ఇంజన్‌లోని ప్రతి పట్టికా తెరిచి మన ముందు పెడుతుంది, ఏ అంకె మార్చినా వద్దనదు.

బెంగళూరులో పైపు మార్చిన షాపులోని ట్యూనర్‌కు ఫోన్ చేశాను. తెలుగాయనే. "యా ఊర్లో నడుపుతారు సార్?" అని అడిగాడు. చెప్పాను. "మీ పక్క ఎండ ఎక్కువ, పెట్రోలు కూడా అన్ని బంకుల్లో ఒకే తీరుగా ఉండదు. తయారుగా ఉండే ఫైలు ఏసుకోండి. పవర్ కొంచెం తక్కువ, ఇంజన్‌కు మాత్రం భయం లేదు," అన్నాడు.

మంచి సలహా అని నాకు అప్పుడే తెలుసు. అయినా తోడల్లుడు వాడింది మూడోది. నా కారుకు ఏది సరిపోతుందని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అతను వాడిందే నాకు కావాలి.

ఆ సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో ఎక్కించి తెరిచాను. స్క్రీను నిండా అంకెల గళ్ళు. వారం రోజులు చూశాను. కాలిన మోటారును వాసనతో గుర్తుపట్టే నాకు ఆ గళ్ళలో ఒక్కటీ అర్థం కాలేదు. అతనికి ఫోన్ చేస్తే అరగంటలో చెప్పేవాడు. చేయలేదు.

రాగి తీగ కొనాలన్న సాకుతో అనంతపురం వెళ్ళాను. అతనింట్లోనే భోజనం. తిన్నాక అతనికి కాలేజీ నుంచి పిలుపొచ్చింది. "ఒక గంటలో వస్తానన్నా. ల్యాప్‌టాప్ తెరిచే ఉండాది, కావాలంటే చూస్తాండు," అని తన ఫైలు చూపించి మరీ వెళ్ళాడు. నా జేబులో పెన్‌డ్రైవ్ ఉంది. ఇంటి దగ్గర దాన్ని జేబులో వేసుకుంటున్నప్పుడే నాకు తెలుసు, ఎందుకు వేసుకుంటున్నానో. ఫైలు కాపీ అవుతుండగా మరదలు మజ్జిగ తెచ్చింది. "బావా, ఉప్పు సరిపోయినాదా?" అని అడిగింది. సరిపోయిందన్నాను. అసలు తాగనే లేదు.

ఇంటికొచ్చి ఆ ఫైలును నా కారుకు ఎక్కించాను. ఆదివారం పొద్దున నా భార్యను రమ్మన్నాను.

"యాడికి?"

"ఊరికే, అట్ల పోయొద్దాం."

ఊరు దాటి, రెండు పక్కలా వేరుశనగ చేలు మొదలయ్యాక గట్టిగా తొక్కాను. కారు ఒక్క ఊపున లేచింది. పక్కకు చూశాను, ఆమె నవ్వుతుందేమోనని. అంతలో ఇంజన్‌లోంచి టకటకమని చప్పుడు వచ్చింది, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు. ఆ చప్పుడేమిటో నాకు తెలుసు, లోపల పెట్రోలు వేళ కాకముందే పేలుతోంది. కాలు తీసేలోపు మీటరు దగ్గర లైటు వెలిగింది. కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

"ఏమైనాది?" అంది ఆమె.

బానెట్ ఎత్తి చూశాను. చూసి చేసేదేమీ లేదు. వేడిగాలి మొహానికి కొట్టింది. చివరికి జరిగింది చెప్పాను. పెన్‌డ్రైవ్ సంగతి కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు.

"ఆయప్పకు ఫోన్ చెయ్," అంది.

"చెయ్యను."

ఆమె నా చేతిలోని ఫోను లాక్కుని తనే చేసింది. "అప్పా, మేము దావలో నిలబడిపోయినాం. మీ అన్న కారు చెడిపోయినాది. రాగలవా?"

అతను వచ్చేదాకా మేమిద్దరం తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. అతను తెల్లకారులో వచ్చాడు. ఆదివారం పూట ఇంటిబట్టల మీదే బయల్దేరాడు. నన్నేమీ అడక్కుండా తన ల్యాప్‌టాప్‌ను నా కారుకు తగిలించాడు. ఫైలు పైన తనకోసం రాసుకున్న గుర్తు కనిపించింది: 'కణేకల్ రోడ్డులో వేడి ఎక్కువ, ఇంకా తగ్గించాలి.' నేనూ దాన్ని చూశాను.

"అన్నా, ఇది నా ఫైలు."

"ఊఁ."

"నీ కారుకు పెద్ద ఇంజెక్టర్లు లేవు గదా. ఇది పెద్ద గరిటె లెక్కన రాసింది. నీ గరిటె చిన్నది. అన్నే గరిటెలు పోస్తే పెట్రోలు చాలదు, ఇంజన్ ఆకలికి కాలిపోతాది." నా వైపు తిరిగాడు. "అడిగింటే నీ కారుకు తగినట్టు రాసిచ్చేటోణ్ణి గదన్నా."

"ఇస్తావని తెలిసే అడగలేదు."

నా భార్య చేల వైపు తిరిగి నిలబడింది. అతనికి నా మాట అర్థం కాలేదని మొహంలోనే తెలిసింది. నాకు విడమరిచి చెప్పాలనిపించింది, కానీ ప్రశ్నే వచ్చింది. అంతకంటే దిగజారేది ఏముందని అడిగేశాను.

"నీకు నా మీద ఎప్పుడన్నా కుళ్ళు పుట్టినాదా?"

"దేనికన్నా?" అన్నాడు. నిజంగానే అడిగాడు. ఎంత వెతికినా కారణం దొరకనివాడిలా నా మొహంలోకి చూశాడు.

అతను కోప్పడి ఉంటే బాగుండేది. తిట్టినా భరించేవాణ్ణి. నా మీద అసూయ పడటానికి అతనికి ఒక్క కారణం కూడా తట్టలేదన్నది ఇప్పటికీ గుచ్చుతుంది.

కారులో మొదటినుంచీ ఉన్న ఫైలునే అతను తిరిగి ఎక్కించాడు. మెల్లగా నడుపుకుంటూ ఇంటికొచ్చాం, వెనకాలే అతను. ప్లగ్గులు విప్పి చూస్తే ఒకదాని మొన కరిగింది. పిస్టన్లకు మాత్రం దెబ్బ తగల్లేదు. "అదృష్టమన్నా," అన్నాడు. ఇంజన్ మీదికి వంగి, చేతులకు మసి పూసుకుని, స్పానర్‌ను సరైన వైపే తిప్పుతున్నాడు.

మా ఇంట్లో రాగిసంగటి తింటూ అడిగాడు, "ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ ఏస్తామన్నా? నాది కావాలంటే మూడు ఆదివారాలు కూర్చుందాం. నీ కారు నడక రికార్డు చేసి, ఒక్కో అంకే దిద్దుకుంటూ పోదాం."

మూడు ఆదివారాలు అతని పక్కన కూర్చుని నేర్చుకోవడాన్ని ఊహించుకున్నాను. నా వల్ల కాదనిపించింది. "తయారు ఫైలే ఏసుకుంటాలే," అన్నాను. ట్యూనర్ మొదట చెప్పిందే. అతను సరేనని తలూపి, ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

ఆ ఫైలుతో కారు ఇప్పుడు బాగా నడుస్తోంది. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ చప్పుడు లేదు. అతని కారంత వేగం లేదు, ఉండదు కూడా. ఈ మధ్య మామ ఇంట్లో బోరు మోటారు స్టార్టర్ కాలితే అతను వీడియో కాల్‌లో చూసి ఏ తీగ మార్చాలో చెప్పాడట. మామ ఆ సంగతి నాకు ఫోన్ చేసి మరీ సంతోషంగా చెప్పాడు.

పోయిన వారం మరదలు మా ఆవిడతో మాట్లాడుతూ, తెల్లకారు అమ్మేసి కరెంటు కారు కొంటున్నామని చెప్పింది. ఆ మాట విన్నాక నేను షాపుకెళ్ళి, వైండింగ్‌కొచ్చిన మోటారును పక్కకు నెట్టి, ఫోన్‌లో కరెంటు కార్లు చూడటం మొదలుపెట్టాను. క్యారియర్ తెచ్చిన నా భార్య వెనక నిలబడి ఎంతసేపు చూసిందో తెలియదు.

"అన్నం చల్లారిపోతాంది," అంది. నేను ఫోను బోర్లా పెట్టి చేతులు కడుక్కున్నాను.