రక్తనిధి సర్వర్‌కి వేసిన తాళం

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే మా ఆవిడ "కంప్యూటర్ పని" అని తేల్చేస్తుంది. గొప్పలు చెప్పుకోవడం ఆవిడకి ఈ జన్మలో చేతకాదు. అందుకని నేను చెబుతున్నాను. ఇద్దరిదీ ఒకే రక్తనిధి. ఆవిడ సర్వర్ చూసుకుంటుంది, నేను వ్యాన్ తోలుతాను. ఆసుపత్రుల వాళ్లు మా వెబ్‌పేజీ తెరిచి ఫలానా గ్రూపు రక్తం కావాలంటారు. సర్వర్ నిల్వలోంచి ఒక సంచి వాళ్లకి రాస్తుంది. నేను పట్టుకెళ్లి ఇస్తాను. ఎంత ఫోన్లు చేసి మొత్తుకున్నా, పేజీలో రాయనిదే సంచి గడప దాటకూడదన్నది మా పద్ధతి.

చాన్నాళ్ల కిందట ఇద్దరు ఒకే క్షణంలో అడిగితే సర్వర్ ఒకే సంచిని ఇద్దరికీ రాసేసింది. నేను మొదటివాళ్లకి ఇచ్చేశాను. రెండోచోట ఒక బాలింత ఆ సంచి కోసం ఎదురుచూస్తూ పోయింది. తప్పు తనదేనని మా ఆవిడ అన్నం సరిగ్గా ముట్టేది కాదు. ఎంత చెప్పినా వింటేగా! చివరికి తనే కూర్చుని సర్వర్‌లో ఒక కట్టుదిట్టం చేసింది. ఒక ఆసుపత్రి అడుగుతున్నంతసేపూ, వాళ్లు "సరే" అని నొక్కేదాకా, మొత్తం నిల్వకి తాళం. మిగతావాళ్లు వరసలో ఆగాల్సిందే. ఆ తర్వాత ఏ సంచీ ఇద్దరికి రాయలేదు.

కానీ ఆసుపత్రులు పెరిగాయి. పేజీ తెరుచుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. నర్సులు నా మీద విరుచుకుపడేవాళ్లు, అక్కడికి దాన్ని నేనే తయారుచేసినట్టు! మా పెద్ద డాక్టరుగారు సంగతేమిటని అడిగితే, సర్వర్‌కి రెండో ప్రాసెసర్ పెడితే బాగుపడుతుందేమో అంది మా ఆవిడ. పెట్టించారు. ఓ మధ్యాహ్నం మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, ఉత్తుత్తి పేర్లతో ఒకేసారి సంచులు అడిగించింది. పేజీ కదిలితే ఒట్టు. తెర మీద చూస్తే రెండు ప్రాసెసర్లూ పనిలేక కూర్చున్నాయి.

మూడోది పెడదామా అన్నారు డాక్టరుగారు.

"పది పెట్టినా ఇంతేనండీ," అంది ఆవిడ. "పనిచేసేవాళ్లు ఎంతమందైనా తాళం ఒక్కటేగా. అది నేను వేసిందే. దాని జోలికి వెళ్లలేకే ప్రాసెసర్ అడిగాను."

నిల్వ మొత్తానికి కాకుండా ఏ సంచికి ఆ సంచికే తాళం వేయొచ్చట. ఎలాగో ఆవిడకి తెలుసు, చెయ్యే రాలేదు. మళ్లీ ఒకే సంచి ఇద్దరికి వెళితే? ఇంట్లో కూర తరుగుతూ తరుగుతూ ఆగిపోయేది. నాకసలే ముక్కు మీద కోపం. అయినా ఏమనగలను? ఆ బాలింతని నేనూ మర్చిపోలేదు.

ఆ రోజుల్లోనే ఓ ఆసుపత్రికి సంచి తీసుకెళితే నర్సు గుమ్మంలోనే ఆపి, ఇక అక్కర్లేదంది. పొద్దుట్నుంచి పేజీ తెరుచుకోలేదట. తీరా అది తెరుచుకున్నాక, నేను వెళ్లేసరికి మనిషి లేడు. ఐసు పెట్టెని తిన్నగా మా ఆవిడ గదికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

"ఈ సంచి ఒక్కరికే రాశారు. ఇద్దరికి వెళ్లలేదు. అయినా మనిషి పోయాడు," అన్నాను.

మాట కటువుగానే వచ్చింది. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెట్టె మూత మీద చెయ్యి వేసింది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని తాళం మార్చడం మొదలుపెట్టింది.

మళ్లీ అందరం కూర్చుని అడిగాం. పేజీలు చకచకా తెరుచుకున్నాయి. రెండు ప్రాసెసర్లకీ ఊపిరి సలపనంత పని దొరికింది. ఒక్క సంచీ ఇద్దరికి రాయలేదు, ఆవిడ అన్నీ కళ్లారా చూసుకుంది. రెండో ప్రాసెసర్ దండగ కాలేదని డాక్టరుగారు తెగ సంబరపడ్డారు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. నేను బయల్దేరుతుంటే వ్యాన్ దాకా వచ్చింది.

"పోయినాయన పేరేంటండీ?"

అడగలేదన్నాను.

"అడిగి రండి," అంది. "ఆ అమ్మాయి పేరు నాకు తెలుసు. ఈయనదీ తెలియాలి."