అట్లాసులో లేని కొండలు

మా రాయికల్‌లో ఒక గీత కార్మికుడు ఉన్నాడు. తాటిచెట్టు ఎక్కే ముందు అరచేయి మానుకు ఆనించి, కళ్లకద్దుకొని, ఆ తర్వాతే నడుముకు మోకు బిగిస్తాడు. ఒక్కనాడూ తప్పింది లేదు.

మూడేళ్లు ఆయన కశ్మీరం వైపున్న కిష్త్వార్ కొండల్లో పర్వతారోహకుల మూటలు మోశాడు. నిరుడు గీత సంఘం వాళ్లు పిల్లలకు తాడుతో భద్రంగా ఎక్కడం నేర్పే మనిషి కావాలంటే, ఆశపడి సంఘం ముందుకు వచ్చాడు. నేనూ అక్కడే ఉంటే నాకు చెప్పుకొచ్చాడు.

"గా కొండలు గోడల లెక్క నిలవడి ఉంటయి కాకా. ఒకకాడ చెయ్యి ఆనిస్తే రాయి వదులుగ తాకింది. వద్దన్న. కొండలెక్కే సార్లు నా మాట ఇన్నరు, అందరం పానంతోటి మళ్లినం."

బడి మొఖం చూడకుండా చదువు నేర్చినవాణ్ణని ఊళ్లో నా మాటకు విలువ. నా పాత అట్లాసు అందరి ముందూ తెరిచాను.

"ఏదీ, చూపియ్యి. గిండ్ల లేని కొండలకు నువ్వెట్ల పోయినవ్?"

అందరూ నవ్వారు. ఆ పని ఇంకొకరికి పోయింది.

మొన్న జగిత్యాల గ్రంథాలయంలో పెద్ద పటం చూస్తుంటే ఆ కొండలు పేరుతో సహా కనిపించాయి. నా అట్లాసు బడిపిల్లలది. అందులో కశ్మీరమంతా కలిపి బొటనవేలంత. ఊరందరి అజ్ఞానం మీద మండిపడే నాకు ఆ సంగతి తట్టనే లేదు. తలవంచుకొని తాటివనానికి నడిచాను.

"గా కొండలు ఉన్నయి," అన్నాను.

"ఉన్నయా? మంచిగైంది కాకా. మూడేండ్లు ఏడ మూటలు మోసిన్నో నాకు గిప్పుడు తెలిసింది."

అరచేయి మానుకు ఆనించి కళ్లకద్దుకున్నాడు. తప్పయిందనే మాట నా నోటికి వచ్చేసరికి ఆయన పాదాలు నా తల దాటి పైకి పోయాయి.